మొలకెత్తని గింజలు

కొస్తనాయ్ మైదానంలో సర్కారు వ్యవసాయ క్షేత్రాన్ని రద్దు చేసి భూములు పంచినప్పుడు, అక్కడ పాతికేళ్లు ట్రాక్టరు నడిపిన తొలెగెన్ ఒక్కసారిగా రైతయ్యాడు. భూమైతే వచ్చింది. కానీ ఇన్నాళ్లూ విత్తనాలూ డీజిలూ ఎక్కడినుంచి వచ్చేవో అతనికి పట్టిందే లేదు. మూడో వసంతానికి విత్తడానికి ధాన్యపు కొట్టులో మిగిలిన పాత గోధుమలే దిక్కయ్యాయి. వాటికి సర్కారు విత్తన పరీక్షా కేంద్రం కాగితం ఇస్తేనే చౌక డీజిలు దొరుకుతుంది.

కేంద్రంలో మిగిలిన ఉద్యోగి రౌజా ఒక్కతే. నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి వారం ఆగి రమ్మంది. వెళ్తే తల అడ్డంగా ఊపింది.

"కాగితం ఇవ్వను తమ్ముడూ."

తొలెగెన్‌కు ఒళ్లు మండింది. "ఎంత కావాలో సూటిగా చెప్పక్కా! ఈ నాటకమెందుకు?"

ఆమె గుడ్డ విప్పి అతని ముందుకు తోసింది. "నువ్వే చూసుకో. మూడోవంతైనా మొలవలేదు. ఇవి వేస్తే డీజిలూ పోతుంది, ఏడాదీ పోతుంది."

బూజుపట్టిన గింజల్ని వేలితో కదిపి చూసి తొలెగెన్ కూలబడ్డాడు. "ఇంటికెళ్లి మా ఆవిడ కమ్‌షాత్‌కి ఏం చెప్పను?"

"చెప్పడం తర్వాత, ముందు లే. నీ గోధుమలు పిండికి పనికొస్తాయి. అవి తీసుకుని సర్కారు నిల్వలోంచి మంచి విత్తనం ఇవ్వాలని ఉత్తర్వుంది. మీరు అడగరు, వాళ్లు చెప్పరు."

ఇద్దరూ బస్తాలతో గోదాముకు వెళ్తే గుమస్తా, పెద్దాయన లేడు రేపు రమ్మన్నాడు. రౌజా తలుపు దగ్గరే బస్తా మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంది. "ఇది సర్కారు గోదాము, నేనూ సర్కారు మనిషినే. నన్ను పొమ్మనేదెవరు?" సాయంత్రానికల్లా బస్తాలు మారాయి.

ఆ శరత్కాలంలో తొలెగెన్ పొలంలో గోధుమ నడుమెత్తున, ఎక్కడా ఖాళీ లేకుండా నిలిచింది. కోత ముగిశాక అతనే వెళ్లి రౌజాను ఇంటికి తీసుకొచ్చి, పెద్దలు కూర్చునే చోట కూర్చోబెట్టాడు. ఆర్నెల్లుగా ఆమెకు జీతమే లేదని గుమస్తా చెప్పగా అప్పటికే విన్నాడు.

"ఆ రోజు నోరు జారానక్కా," అన్నాడు తల వంచుకుని.

"మంచి పని చేశావు. కోపం రాని రైతుని నేనింతవరకూ చూడలేదు," అని నవ్వింది రౌజా.

కొత్త పిండితో కాల్చిన రొట్టె తుంచి మొదటి ముక్క ఆమె చేతిలో పెట్టింది కమ్‌షాత్. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఉండిపోయింది.