వానలో వరస

బెల్లం వ్యాపారి బంగార్రాజు అన్నానికి కూర్చుంటే ఎదురుగా కూతురు శ్రావ్య కబుర్లు ఉండాల్సిందే. డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న ఆ పిల్ల, ఆ పూట పరీక్షకున్న పాత నవల కథ చెప్పింది. పెద్దవాళ్ళు లేని దీవిలో కొందరు పిల్లలు చిక్కుకుంటారు. ఒకణ్ణి నాయకుడిగా ఎన్నుకుని మొదట్లో పద్ధతిగానే ఉంటారు. తర్వాత భయం పట్టుకుంటుంది. నా వెంట రండి అని అరిచిన ఇంకొకడి వెనక పడి, మనుషుల్లా బతకడమే మరిచిపోతారు.

"మరి మొదటివాడు ఊరుకున్నాడా?"

"మాట్లాడుతూనే ఉంటాడు నాన్నా. వినేవాళ్ళే ఉండరు."

"అయితే ఆడికి యాపారం రాదన్నమాట." బంగార్రాజు చారు పోసుకున్నాడు. "నలుగురికీ లాభం కనపడకపోతే పెద్దరికం ఎవడు కొంటాడే?"

"నువ్వైతే నిలబెట్టేవాడివా?"

"మా యార్డు నిలబడలేదేటి?"

ఆ ధీమాకి కారణం ఉంది. మార్కెట్ యార్డులో వేలం నడిపే త్రినాధరావు మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ ఆ బాధ్యత బంగార్రాజుకి అప్పగించాడు. అక్కడ కట్టుబాటు ఒకటే. బళ్ళు వచ్చిన వరసలోనే వేలం పాట. ముందున్న రైతు బెల్లం దిమ్మలు అమ్ముడయ్యేదాకా వెనకవాటి మీద ఏ వ్యాపారీ చెయ్యి వెయ్యకూడదు.

మర్నాడు మధ్యాహ్నం పాట సగంలో ఉండగా మబ్బు కమ్మింది. షెడ్డు నిండిపోయి చాలామంది రైతుల బెల్లం ఆరుబయటే ఉంది. బంగార్రాజు బావమరిది ధనరాజ్ గట్టెక్కి అరిచాడు.

"ఇంకా వరసేటి! తడిసేలోగా రైతు ఎంతకైనా ఇచ్చేత్తాడు. చెయ్యేసినోడిదే సరుకు, రండి నా వెనక!"

నిన్నటిదాకా ఒకే బంతిలో భోంచేసిన వ్యాపారులు ఒకర్నొకరు తోసుకుంటూ పరిగెత్తారు. దిమ్మలు కాళ్ళకింద నలిగాయి. ఆగండి ఆగండని బంగార్రాజు గొంతు చించుకున్నా ఎవరూ వినలేదు. ఆగినవాడే నష్టపోతాడని లెక్క కట్టి, తనూ పరిగెత్తాడు. దేవరాపల్లి కాసులమ్మ తన బెల్లానికి పమిట కప్పి, దాని మీదకి వంగి ఉంది. ఆ దిమ్మల మీదే చెయ్యి వేశాడు.

ఆమె తలెత్తింది. "నువ్వు కూడానా బాబూ? ఊళ్ళో అడిగినోడికి అమ్మకుండా, నిన్ను సూసే ఇంత దూరం తెచ్చేను."

బంగార్రాజు చెయ్యి తీసేశాడు. చినుకులు మొదలయ్యాయి. గబగబా తన లారీ దగ్గరికి వెళ్ళి, కొన్న సరుకు మీద కప్పిన టార్పాలిన్ బరకం లాగి, ఈడ్చుకొచ్చి కాసులమ్మ దిమ్మల మీద పరిచాడు.

"మతిపోయిందేటి బావా? నీ బెల్లం నీళ్ళయిపోతంది!" అన్నాడు ధనరాజ్.

"నాది కరిగితే ఒక లారీయే పోద్ది. ఈళ్ళు మళ్ళీ రాకపోతే యార్డే పోద్ది. అప్పుడు ఎవడి సరుకు మీద చెయ్యేత్తావు? మీ అక్క పెట్టే పనసపొట్టు కూర రోజూ తింటావు కదా, ఆ బలంతో ఈ కొస పట్టు."

ఎవరో నవ్వారు. ధనరాజ్ మొహం ముడుచుకునే వచ్చి కొస పట్టుకున్నాడు. వెనకే ఒకరూ ఇద్దరూ తమ లారీల బరకాలు విప్పడం మొదలెట్టారు.

వాన కాస్త తెరిపివ్వగానే బంగార్రాజు పాట ఎత్తుకోబోయాడు.

"నాదేనా ముందు?" అంది కాసులమ్మ ఆశగా.

"కాదు పిన్నీ. ముందు సత్తియ్య మామది. నీ వంతు ఇంకా రాలేదు."

"బాగుంది నీ పెద్దరికం! పమిటంతా తడుపుకున్నది నేను."

"నీ వంతొచ్చేదాకా మా ధనరాజ్ కొస వదల్డులే."

"చెయ్యి లాగేత్తంది బావా," అన్నాడు ధనరాజ్, వదలకుండానే.