పురుగు కొట్టిన ఆకులు

"నీ మొక్కలన్నీ పురుగు కొట్టేస్తోందని నిన్న మందు కొట్టించాను. మళ్లీ నేనేదీ పట్టించుకోనంటావు!" అన్నాడు భర్త, పెరటి గుమ్మంలో టీ కప్పుతో నిలబడి.

మాడిన పాలగిన్నె తోముతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. నిన్నంతా అత్తగారిని కంటి ఆసుపత్రికి తిప్పి తెచ్చేసరికే ఒళ్లు హూనమైంది. పెరట్లోకి తొంగి చూడనేలేదు.

"అమ్మాయికి చెప్పావా?" అన్నాడు అతనే మళ్లీ.

"చెప్పాను."

"ఏమని?"

"సర్దుకుపొమ్మని."

"మంచిపని చేశావు. నేను చెబితే వినదు. నీ నోట చెబితేనే దిగుతుంది దానికి." కప్పు ఆమె ముందున్న గిన్నెల్లో పడేసి లోపలికి వెళ్లిపోయాడు.

పొద్దున్నే ఫోన్ చేసింది కూతురు. "పదిరోజులైందమ్మా ఆయన నాతో మాట్లాడి. ఉద్యోగం మానేదాకా మాట్లాడడట. ఇంట్లో గోడతో మాట్లాడుకుంటున్నా. వచ్చేయనా?"

తన తల్లి తనకు చెప్పిన మాటే ఆమె నోటికి వచ్చింది. అదే చెప్పింది.

భర్త అటు వెళ్లగానే ఆమె తడిచేతులతోనే పొదల దగ్గరికి పరుగెత్తింది. ఆ ఆకులకు చిల్లులు పడాలనే కదా వాటిని పెంచింది! మొదట్లో కొని తెచ్చిన పరదేశపు మొక్కలుండేవి. చూడముచ్చటగా ఉండేవి, పురుగు ముట్టేది కాదు, పిట్ట వాలేది కాదు. వాటిని తీసేసి, బాట పక్కన ఎవరూ నాటకుండా మొలిచే ఈ నేల మొక్కల్ని ఒక్కొక్కటే తెచ్చి, బియ్యం కడిగిన నీళ్లు పోసి బతికించుకుంది. పురుగులొచ్చాయి. వాటి కోసం పిట్టలొచ్చాయి. "మా కోడలు ఇంటివెనక అడవి పెంచుతోంది, రేపోమాపో పులి కూడా దిగుతుంది" అని అత్తగారు ఇంటికొచ్చినవాళ్లనల్లా నవ్వించేది. ఈమె కూడా నవ్వి ఊరుకునేది. అందరి తిళ్లూ అయ్యాక మిగిలే ఆ కాసేపే ఆమెది. పురుగుని పుట్టించినవాడే పిట్టనీ పుట్టించాడు, అంతా చూసుకుంటాడులే అని దణ్ణం పెట్టుకునేది.

ఇవాళ దణ్ణం పెట్టడానికి చేతులు లేవలేదు. చూస్తూ కూడా ఎలా ఊరుకున్నావయ్యా?

రెండాకులు కలిపి కుట్టిన గూట్లో మూడు పిల్లలు. రెండు మెడలు వాల్చేశాయి. మూడోది మాత్రం నోరు తెరిచి ఉంది. పొద కింద పచ్చపురుగులు ముడుచుకుని రాలి ఉన్నాయి. తల్లిపిట్ట వచ్చింది. ముక్కున కొసప్రాణంతో ఓ పురుగు.

"వద్దే! పెట్టకే!" ఆమె చెయ్యి విసిరింది. పిట్ట బెదిరి ఎగిరి, అటునుంచి తిరిగొచ్చి, పురుగుని ఆ నోట్లో పెట్టేసింది. పిల్ల నమ్మకంగా మింగింది. తల్లి ఇంకోదాని కోసం హడావుడిగా వెళ్లింది.

దానికేం తెలుసు పాపం. దొరికిందే తెచ్చింది. తన ముక్కుతో తనే పెట్టింది.

ఆమె అక్కడే మట్టిలో కూలబడింది. మూడోది కూడా మెడ వాల్చేదాకా కదల్లేదు. తర్వాత కొంగుకి చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది.

"సర్దుకుంటున్నాలేమ్మా" అంది కూతురు, ఆమె నోరు తెరవకముందే.

"వద్దు తల్లీ. పొద్దున నేను పెట్టింది ఉమ్మెయ్. ఇంటికొచ్చెయ్."