మైకు కట్టేయని మధ్యాహ్నం

మైకు మెకానిక్ పెళ్ళాం దుప్పటి పిండుతుండగా మొగుడి గొంతు వీధి మొత్తానికీ వినిపించింది.

మసీదులో ఆంప్లిఫయరు బాగుచేయడానికి వెళ్ళినవాడు, పని అయ్యాక ఎవరూ లేరు కదా అని నమాజు చేసుకున్నాడు. లేవకుండానే, అలవాటు కొద్దీ, తల్లి నేర్పిన ప్రార్థన కూడా చేసి యేసు పేరుతో ముగించాడు. ఊరి మైకులన్నీ బాగుచేసే మహానుభావుడు తన ముందున్న మైకు కట్టేయడం మర్చిపోయాడు.

చిన్నప్పుడు తండ్రి మసీదుకు, తల్లి చర్చికి తీసుకెళ్ళేవారు. పెద్దయినా అతను రెండూ మానలేదు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ కూడా, రెండోచోటికి పనిమీద వెళ్తున్నాడనే అనుకున్నారు. ఏ దేవుణ్ణీ పట్టించుకోని పెళ్ళాం మాత్రం ఆటపట్టించేది.

"ఒక్క మొగుడితోనే వేగలేక చస్తున్నా. నీకు ఇద్దరు దేవుళ్ళెందుకయ్యా?"

"ఇద్దరెక్కడే? ఒక్కడే!" అనేవాడు.

ఇప్పుడు అతను పనిసంచీతో ఇంట్లోకి వచ్చి, "ఇవాళ నన్ను చూసి అందరూ పక్కకి తప్పుకుంటున్నారేంటే?" అన్నాడు. ఆమె చెప్పింది. బయట దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి.

కాసేపటికి ఇమాము, పాస్టరు కలిసే వచ్చారు. ఒకరి గడప ఒకరు తొక్కని పెద్దమనుషులు ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు ఇద్దరూ ముట్టుకోలేదు.

"యేసు దేవుని కుమారుడని మేమంటాం," అన్నాడు పాస్టరు.

"ప్రవక్త అని మేమంటాం. రెండూ ఎలా నమ్ముతావు బాబూ?" అన్నాడు ఇమాము.

"ఏమోనండీ. అక్కడ వంగితే అదే నిజమనిపిస్తుంది, ఇక్కడ మోకరిస్తే ఇదే నిజమనిపిస్తుంది."

పాస్టరు గొంతు తగ్గించాడు. "బయట కుర్రాళ్ళు మండిపోతున్నారు. మావాళ్ళూ ఉన్నారు, వాళ్ళవాళ్ళూ ఉన్నారు. మావాడివని చెప్పు, నా మనుషుల్ని అడ్డం పెడతాను."

"మావాడివని చెప్పు, నేను పెడతాను," అన్నాడు ఇమాము. "ఎవరివాడివీ కాకపోతే నీకెవరు అడ్డం నిలబడతారు?"

"ఏదో ఒకటి చెప్పవయ్యా!" అని ఆమె మొత్తుకుంది. "అబద్ధమైనా సరే, చెప్పు!" అతని మీద ఆమెకు పీకలదాకా కోపంగా ఉంది. అతను దక్కకుండా పోతాడేమోనన్న భయం అంతకంటే ఎక్కువగా ఉంది.

అతను చేతులు జోడించాడు. "అన్నం విషయంలో అయితే అబద్ధమాడేవాణ్ణండీ. దేవుడి విషయంలో ఆడలేను. రెండూ నమ్ముతున్నాను."

పెద్దలిద్దరూ లేచారు. ఇమాము కళ్ళు తుడుచుకున్నాడు, పాస్టరు తల దించుకున్నాడు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. వీధిలో జనం ఇద్దరికీ దారి ఇచ్చి, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ దగ్గరగా జరిగారు.

ఆమె తలుపు గడియ పెట్టి వీపు ఆనించింది. ఎవరో బయటినుంచి నెట్టి చూశారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకు దేవుడితో పని పడింది. ఏ పేరుతో పిలిస్తే ఎవరికి కోపమొస్తుందో తెలియక, మొగుడి చేయి గట్టిగా పట్టుకుని నోరు మూసుకుంది.