ఆగయ్య ఈల

ఆగయ్య చావును పల్లె మొత్తం కళ్లారా చూసింది. గుట్ట నెత్తిన ఉన్న ఆ ఇళ్ల ముందు నిలబడితే కింద క్వారీ అంతా కనిపిస్తుంది. మందు పేల్చే ముందు ఈల ఊది మనుషులను పక్కకు పంపడం ఆగయ్య పని. కోరుట్ల పోయే లారీలకు ఆలస్యమవుతోందని కాంట్రాక్టర్ ఆ రోజు ఈల దాకా ఆగలేదు. లోపలున్న కూలీలను బయటికి తరుముతూ ఆగయ్యే రాళ్ల కింద పడ్డాడు.

చచ్చినవాడి పనిముట్టును అతనితోనే పూడ్చడం ఆ పల్లె ఆచారం. మొగిలవ్వ తన పెనిమిటి గుండెల మీద ఈల పెట్టింది. అప్పటినుంచి పొద్దుగూకితే, గుట్ట మీదే అతన్ని పూడ్చిన బొందలగడ్డ వైపు నుంచి ఈల వినబడుతోంది. జనం జడుసుకుని తలుపులు మూసుకుంటున్నారు.

కాంట్రాక్టర్ ఆగయ్య ఆత్మకు బలిద్దామని మేకపోతును జీపులో వేసుకుని గుట్టెక్కాడు. చచ్చినవాడి కళ్లు చారెడు కదా, ఆగయ్యంత మంచివాడు లేడన్నాడు.

"ఆయన ఆత్మ శాంతిస్తలేదు. బొంద తవ్వి బొక్కలు తీసి ధర్మపురికాడ గోదారి గంగల కలుపుదాం. మీ పెద్దలందరివి గూడ. ఖర్చంత నాదే."

"మంచిదే గద! గీ భయం ఎన్నొద్దులు పడ్తం?" అన్నాడు కులపెద్ద రాజనర్సు.

మొగిలవ్వ లేచింది. ఆమెకూ భయమే. ఆ ఈల విన్న ప్రతి సాయంత్రం ఆమె ఒంటరిగా ఏడ్చింది.

"బతికినన్నొద్దులు గాయన ఈల ఎందుకూదిండు బావా? మనుషుల బెదిరియ్యనీకా, బతికియ్యనీకా? గిప్పుడు గూడ గందుకే ఊదుతున్నడు. గా బొందల కింద మంచి రాయున్నది. బొందలు పోతె గుట్ట పోతది. గుట్ట పోతె మనమేడ బతకాలె?"

కాంట్రాక్టర్ నవ్వాడు. "దయ్యాల ముచ్చట్లు నమ్ముతవా మొగిలవ్వా?"

"నమ్మకనే మేకపోతును తెచ్చినవా?"

జనం ఫక్కుమన్నారు. ఎన్నాళ్లకో ఆ పల్లె నవ్వింది. మేకపోతు వచ్చిన జీపులోనే తిరిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే పొక్లెయిన్ గుట్టెక్కింది, వెనకే పోలీసు వ్యాను. అప్పటికే ప్రతి ఇంటివాళ్లూ తమ తమ బొందల దగ్గర కూర్చున్నారు. తల్లి బొంద పక్కన రాజనర్సు సిగ్గుతో తల వంచుకుని కూర్చున్నాడు. పోలీసులు మొగిలవ్వను ఈడ్చుకుపోయి వ్యానులో వేశారు.

అప్పుడు, పట్టపగలు, ఈల మోగింది.

"ఎవడ్రా ఊదింది?" అని అరిచాడు ఎస్సై.

"ఆగయ్య" అన్నాడు రాజనర్సు. నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని తానూ ఊదాడు. తర్వాత ఒక్కో బొంద దగ్గర నుంచీ ఈల లేచింది. వ్యాను ఊచలు పట్టుకుని మొగిలవ్వ చూస్తోంది.

పొక్లెయిన్ డ్రైవర్ ఇంజన్ ఆపి దిగాడు, పక్కకు జరిగి నిలబడ్డాడు. ఈల వినబడితే పక్కకు జరగాలని అతనికి నేర్పింది ఆగయ్యే.