గుడ్డు రాసిన ట్రే

మధ్యాహ్నం మూడుంబావుకి కరెంటు పోయింది. పావని అప్పుడే మొదటి ట్రే అవెన్‌లో పెట్టింది. లోపలి ఎర్రటి వెలుగు ఆరిపోయింది, నెత్తిమీది ఫాను నాలుగు చుట్లు తిరిగి ఆగింది. గవరపాలెంలో ఆమె ఇల్లున్న సందులో ఇళ్ళవాళ్ళంతా ఒక్కొక్కరే బయటికొచ్చి స్తంభం వైపు చూశారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందనీ, ఆరు దాటితే గాని రాదనీ కబురు తెలిసింది.

ఆర్డరు నూట ఇరవై చిన్న కర్రీ పఫ్పులు. బెల్లం వ్యాపారం చేసే కన్యకాపరమేశ్వరిగారింట్లో ఆవిడ మామగారికి ఎనభయ్యో పుట్టినరోజు. ఆరున్నరకి మేడమీద పార్టీ. భోజనాలు వేరే వంటవాళ్ళవి. వచ్చినవాళ్ళకి ముందుగా చేతికందించే పఫ్పులు పావనివి. తొమ్మిదేళ్ళు బేకరీలో పనిచేసి, బయటికొచ్చి, సొంతంగా మొదలుపెట్టాక ఆమెకి దొరికిన మొదటి పెద్ద ఆర్డరు అది. ఆ ఇంట్లో గుడ్డు గుమ్మం దాటదు. కన్యకాపరమేశ్వరి ఫోన్లో ఆ మాట మూడుసార్లు చెప్పింది. అందుకే పావని పఫ్పుల పైన గుడ్డు సొనకి బదులు పాలు రాసింది.

పని తొందరగా తేలాలని ఈసారి తను పిండి మడతలు వెయ్యలేదు. విశాఖపట్నం నుంచి ఐసుపెట్టెలో వెన్న మడతలు వేసిన రెడీమేడ్ పిండి షీట్లు తెప్పించింది. ముక్కలు కొయ్యడం, బంగాళాదుంప కూర పెట్టడం, అంచులు నొక్కడం. అంతే పని. కాని మే నెల ఎండ. షీట్ల పొరల మధ్య ఉన్న వెన్న కరిగిందంటే ఇక అవి పొంగవు, చపాతీల్లా అతుక్కుపోతాయి. అప్పటికే ట్రేల అంచున ఉన్నవి మెత్తబడుతున్నాయి.

కరెంటుతో పనిలేని బట్టీ దగ్గర్లో ఒక్కటే ఉంది. కట్టెలతో కాల్చే త్రినాధరావు బేకరీ బట్టీ. ఆ బేకరీలోంచే నాలుగు నెలల క్రితం పావని బయటికొచ్చింది. మిగిలిపోయిన నిన్నటి పఫ్పులు వేడిచేసి తాజావాటిలో కలపమంటే కలపనని, కౌంటరు ముందు జనం నిలబడి ఉండగానే గట్టిగా అనేసింది. మళ్ళీ ఈ గుమ్మం తొక్కొద్దని త్రినాధరావు ఆరోజే చెప్పాడు.

పావని ట్రేలు పేర్చుకుని, తడిగుడ్డ కప్పి, ఆటోలో అదే గుమ్మం ముందు దిగింది. త్రినాధరావు ఆమెని కౌంటరు పక్కన చాలాసేపు నిలబెట్టాడు. వచ్చినవాళ్ళకి కేకులు కట్టిస్తూ, మన సరుకు పాసిపోయిందన్న మనిషి ఈవిడేనని, ఇప్పుడు మన బట్టీ కావలసొచ్చిందని నవ్వుతూ చెప్పాడు. పావని తలెత్తలేదు. గుడ్డ మీద చెయ్యి పెట్టి ట్రేలు ఎంత వేడెక్కాయో చూసుకుంటూ ఉండిపోయింది. చివరికి అతను ఒప్పుకున్నాడు. అయితే ఆమెని మాత్రం లోపలికి రానివ్వనన్నాడు. బట్టీ చూసేది ఎర్రయ్య, అతనే కాలుస్తాడు.

ఎర్రయ్య ముసలివాడు. పావనికి పిండి మడత నేర్పింది అతనే. ట్రేలు ఒక్కొక్కటే లోపలికి పట్టుకెళ్ళాడు. పైన పాలు రాసేసే ఉన్నాయి కదా అని పావని అతనికి ఇంకేమీ చెప్పలేదు. పావని బయట బల్లమీద కూర్చుని గడియారం చూసింది. నాలుగున్నర. నాలుగూ ముప్పావు. లోపల్నుంచి వాసన వచ్చింది. కాలిన వాసన కాదు, సరిగ్గా కాలుతున్న వాసన.

అయిదు దాటాక ఎర్రయ్య పెద్ద అట్టడబ్బా మోసుకొచ్చి ఆటోలో పెట్టాడు. మూత తీసి చూపించాడు. నూట ఇరవై, పొరలు పొరలుగా పొంగి, బంగారు రంగులో ఉన్నాయి. పావనికి కళ్ళు చెమర్చాయి. ఏదో అనబోయేంతలో ఎర్రయ్యే గర్వంగా అన్నాడు.

"ఒక ట్రే మరీ తెల్లగా ఉన్నాదమ్మా. నీ పేరు పోతాదని గుడ్డు రాసేను. సూడు, ఎలగ మెరుత్తన్నాయో."

పావని డబ్బా మూత పూర్తిగా తీసేసింది. "ఏ ట్రే బాబాయ్?"

"రెండోదో, మూడోదో. అన్నీ కలిపేసేను గదా." ఆమె ముఖం చూసి అతని నవ్వు ఆగిపోయింది. "ఏటమ్మా, తప్పు సేసేనా?"

పావని డబ్బాలోకి వంగి చూసింది. కొన్ని కొంచెం మెరుస్తున్నాయి. కొన్ని మెరవడం లేదు. కొన్ని ఎటూ చెప్పలేనట్టున్నాయి. పాలు రాసినా మెరుపొస్తుంది. నాలుగు ఏరింది, అయిదోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. కౌంటరు దగ్గర్నుంచి త్రినాధరావు అంతా విన్నాడు. ఈసారి అతని గొంతులో ఎగతాళి లేదు.

"ఎవరికి తెలుత్తాది పావనీ? కాలిపోయిన గుడ్డుకి రుచా, వాసనా? తీసుకెల్లు. టైము సూసుకో."

అతను చెప్పింది అబద్ధం కాదు. ఎవరికీ తెలియదు. ఆటో మెయిన్ రోడ్డు మీదికొచ్చేదాకా పావని అదే అనుకుంటూ కూర్చుంది. ఒడిలో డబ్బా వెచ్చగా ఉంది. చెబితే ఈ ఆర్డరు పోతుంది. బెల్లం మార్కెట్ మీద బతికే ఇళ్ళన్నింటికీ రాత్రికల్లా కబురెళ్తుంది, ఇక ఆ వైపునుంచి ఎవరూ పిలవరు. చెప్పకపోతే ఏమీ అవదు. ఆ ఎనభయ్యేళ్ళ పెద్దాయన నలుగురి మధ్య కూర్చుని తింటాడు, బాగుందంటాడు. ఆ మాట తను పక్కనే నిలబడి వినాలి.

రైల్వే గేటు పడింది. గూడ్సు బండి పోతూనే ఉంది. గేటు లేచేసరికి పావని ఆటో అతనితో, ముందు ఒకసారి గవరపాలెం పోనిమ్మని, ఒక్క నిమిషం పనుందని చెప్పింది. ఇంట్లోకి పరుగెత్తి ఫ్రిజ్ తెరిచింది. విరిగినవాటికి బదులుగా ఉంటాయని అట్టేపెట్టిన షీట్ల ప్యాకెట్టు ఒకటి ఇంకా చల్లగానే ఉంది. దాన్ని తడి టవల్లో చుట్టుకుని వచ్చి ఎక్కింది.

కన్యకాపరమేశ్వరిగారింటికి చేరేసరికి అయిదూ ముప్పావు. మెట్లమీద బంతిపూల దండలు కడుతున్నారు. కన్యకాపరమేశ్వరి పట్టుచీరలో ఎదురొచ్చి, ఆలస్యమైందని కూడా అనకుండా, డబ్బా పైకి పట్టుకెళ్ళమని పనిమనిషికి సైగ చేసింది.

"అది లోపలికి తేకండమ్మగారూ," అంది పావని. "అందులో కొన్నిటికి గుడ్డు తగిలింది. ఏవో నాకు తెలీడం నేదు."

పనిమనిషి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కరెంటు పోవడం, వేరేచోట బట్టీలో కాల్పించడం, అన్నీ పావని రెండు ముక్కల్లో చెప్పింది. ఎర్రయ్య పేరు మాత్రం చెప్పలేదు, తను దగ్గరుండి చూసుకోకపోవడమే తప్పంది. కన్యకాపరమేశ్వరి ముఖం ఎర్రబడింది.

"నీకు మూడుసార్లు చెప్పేను."

"చెప్పేరు."

"మా మామగారు పుట్టేక ముట్టలేదు. ఈ రోజు పెట్టేద్దువు కదూ, ఆయన చేతిలో."

పావని చంకలోని టవలు విప్పి చూపించింది. గుడ్డు తగలని షీట్లు ఇవి, మీ స్టవ్వు, మీ మూకుడు ఇస్తే నలభై నిమిషాల్లో ఏదో ఒకటి చేస్తానంది. వద్దంటే ఇటునుంచి ఇటే వెళ్ళిపోతానంది. ఆవిడ ప్యాకెట్టు తిప్పి, మీద రాసింది చదివింది. తర్వాత పక్కకి తప్పుకుని, కాళ్ళు కడుక్కుని రమ్మంది.

డబ్బా ఆటోలోనే వెనక్కి పోయింది. స్టాండులో మీ వాళ్ళందరికీ పంచెయ్యమని ఆటో అతనికి చెప్పింది.

ఆ వంటింట్లో అవెన్ లేదు. పావని నూనె పెట్టి, షీటులో ఒక ముక్క కోసి, వంటవాళ్ళని అడిగి తెచ్చిన కూర లోపల పెట్టి వేసింది. అంచు విచ్చుకుని కూరంతా నూనెలో చెదిరిపోయింది. కన్యకాపరమేశ్వరి గుమ్మంలో నిలబడి చూస్తోంది. పావని నూనె వడకట్టి, మంట తగ్గించింది. ఈసారి లోపల ఏమీ పెట్టకుండా బిస్కెట్టంత ముక్కలు కోసి, నాలుగు వేసింది. అవి అడుగుకి పోయి అక్కడే ఉండిపోయాయి. నూనె చల్లారిందేమోనని గరిటె అందుకోబోయేంతలో ఒకటి కదిలింది. పొర మీద పొర విడుతూ పైకి తేలింది. తర్వాత మిగతా మూడూ.

"పైనేం పెడతావ్? వట్టివేనా?" అనడిగింది కన్యకాపరమేశ్వరి. కూర పెడితే మెత్తబడిపోతాయి, గట్టిగా ఉండేది కావాలంది పావని. ఆవిడ అలమారులోంచి జాడీ దించింది. కొత్తబెల్లంతో పెట్టిన అల్లం పచ్చడి. పట్టుచీర కొంగు దోపుకుని, పావని వేయించి తీసిన ప్రతి ముక్క మీదా చెంచా కొసతో కొంచెం కొంచెం పెట్టడం మొదలుపెట్టింది. మెట్లమీద చెప్పుల చప్పుడు ఎక్కువవుతోంది.

లెక్క పెడితే ఎనభై నాలుగు వచ్చాయి. మనిషికి ఒకటి కూడా సరిగ్గా అందలేదు. మేడమీద మొదటి పళ్ళెం పెద్దాయన దగ్గరికే వెళ్ళింది. పావని మెట్ల మలుపులో నిలబడి చూసింది. ఆయన ఒకటి తీసుకుని, కొరికి, పొడి రాలుతుంటే ఎడమచెయ్యి కింద పట్టాడు. తిని, ఆ చేతిలో రాలిన పొడి కూడా నోట్లో వేసుకున్నాడు. బాగుందని గాని లేదని గాని అనలేదు. పక్కాయనతో బెల్లం ధర మాట కొనసాగించాడు.

పావని కిందికొచ్చి మూకుడు కడగబోతే కన్యకాపరమేశ్వరి వారించి, పులిహోర పెట్టిన ఆకు ముందు పెట్టింది. మళ్ళీ పిలుస్తానో లేదో ఇప్పుడు చెప్పలేనని, కోపం ఇంకా తగ్గలేదని ఉన్నమాటే అంది. మెట్లదాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగింది.

"ఆ వచ్చేవాళ్ళలో ఎవరైనా ఇవెవరు చేసేరని అడిగితే నీ పేరు చెప్పమంటావా?"

"మీ ఇష్టమండి," అంది పావని. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ఆకు దగ్గరికి లాక్కుని ముద్ద కలుపుకుంది.