నిర్మల పెట్టిన సంతకం

నర్సు రిజిస్ట్రేషన్ గడువు దాటి ఏడు నెలలైనా సుమలత పట్టించుకోలేదు. ఎంత బద్ధకమో! నాలుగు కాగితాలు జతచేసి నర్సింగ్ కౌన్సిల్‌కు పంపితే తేలిపోయే పని. ఇవాళ, రేపు అంటూ నెట్టుకొచ్చింది. శంషాబాద్‌లో ఆమె పనిచేసే చిన్న దవాఖానలో నర్సులు ఒకరికొకరు సర్దుకుపోవడం మామూలే. రిజిస్ట్రేషన్ లేని సుమలత సంతకం చెల్లదు కాబట్టి, ఇంజెక్షన్ ఆమె ఇచ్చేది, చార్టులో సంతకం నిర్మల పెట్టేది. "జర పెట్టవే చెల్లె" అంటే కాదనే మనిషి కాదు నిర్మల.

ఒకరోజు చార్టు పైన ఎర్రసిరాతో రాసిన అలర్జీ సంగతి చూడకుండానే సుమలత సూది పొడిచేసింది. రోగి ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక రెండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. దేవుడి దయవల్ల బతికి బయటపడ్డాడు. కౌన్సిల్ నోటీసు మాత్రం సంతకం ఉన్న నిర్మలకే వచ్చింది.

హైవే పక్కన మేడమీద ఉండే లాయర్ వరప్రసాద్ దగ్గరికి నిర్మలను తీసుకెళ్లింది కూడా సుమలతే.

"చూడండమ్మా, నా దగ్గర ఏమీ దాచకండి," అన్నాడాయన. "ఇంజెక్షన్ ఇచ్చింది మీరేనా? వేరేవాళ్లయితే వాళ్లచేత ఒక్క కాగితం రాయించండి. ఉత్త సంతకమే మీ తప్పయితే మందలించి వదిలేస్తారు. లేదంటే మీ రిజిస్ట్రేషన్ ఆపేస్తారు."

సుమలత నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే నెత్తిమీదికి విమానం వచ్చింది. విమానం వెళ్లేదాకా ఎక్కడి మాట అక్కడ ఆపేయడం ఆ ఊరికి అలవాటు. బేరాలాడేవాళ్లూ ఆగుతారు, పోట్లాడుకునేవాళ్లూ ఆగుతారు. ముగ్గురూ ఆగారు. ఆ కాసేపట్లోనే సుమలతకు తన నౌకరీ, పిల్లల చదువులు కళ్లముందు తిరిగాయి. చప్పుడు సద్దుమణిగింది. ఆమె తల వంచుకుని చీర కొంగు సర్దుకుంది.

"నేనే ఇచ్చిన సార్," అంది నిర్మల.

ఏడాదిపాటు నిర్మల రిజిస్ట్రేషన్ ఆపేశారు. పదేళ్లు సూదులు వేసిన చేతులతో ఇప్పుడామె కాటేదాన్ ఫ్యాక్టరీలో బిస్కెట్లు ప్యాక్ చేస్తోంది. సుమలత మాత్రం భయానికి వారంలోనే కాగితాలు పంపింది. కొత్త సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు, థూ, ఇదీ ఒక బతుకేనా అని తనను తానే తిట్టుకుంటూ లాయర్ దగ్గరికి పరుగెత్తింది.

"సూది ఇచ్చింది నేనేనని ఇప్పుడు రాసిస్త సార్."

"విచారణ ముగిసిపోయిందమ్మా," అన్నాడు వరప్రసాద్. "ఇప్పుడు మీరు రాసిస్తే, కౌన్సిల్ ముందు అబద్ధం చెప్పిందని ఆవిడ మీద ఇంకో కేసవుతుంది."

సుమలత అటునుంచి అటే మైలార్‌దేవ్‌పల్లిలో నిర్మల ఇంటికి వెళ్లింది. గడపలోనే ఏడుపు ముంచుకొచ్చింది.

"చెల్లె, ఆ దినం చెప్దామనే నోరు తెరిచిన. గప్పుడే విమానమొచ్చె. ఏం జెయ్యాలె?"

నిర్మల కోప్పడలేదు. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది.

"విమానం పోయింది గదక్కా," అంది. "పోయినంక గూడ జరసేపు నీ మొకమే చూసిన."