నీలిగుత్తులు పూయని ఏడు

వసంతం చివరికి వచ్చేసరికి సెలూన్ పెద్దాయన ఇంటి ముందు పూలకి కొదవ లేదు. గేటు పక్కన ఎర్ర గులాబీలు విరగబూశాయి. గోడ వారగా తెల్ల లిల్లీలు మెడలు సాచి నిలబడ్డాయి. మెట్ల దగ్గర కుండీలో మల్లె మొగ్గ తొడిగింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి మరీ పోతున్నారు. కిటికీ కింద మొక్క ఒక్కటే ఆకులేసుకుని ఊరుకుంది. ఒత్తుగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది గాని పువ్వన్నది లేదు.

అది కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న మొక్క. పెళ్ళయి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ దాన్ని పాత డబ్బాలో నాటి ఒళ్ళో పెట్టి పంపింది. అసలు పేరు ఎవరికీ తెలియదు, నీలిగుత్తుల మొక్క అంటారు. ఒక్కో గుత్తి చంటిపిల్ల తలంత ఉంటుందనీ, తమ ఇంట్లో వసంతం ముగిసేనాటికి పూల కింద ఆకు కనబడదనీ కోడలు మురిసిపోతూ చెప్పేది. వచ్చిన ఏడు పూయలేదు. కొత్త చోటు కదా, కుదురుకోవాలి అనుకున్నారు. మరుసటి ఏడూ పూయలేదు. ఈ ఏడూ అంతే.

పెద్దాయన మాట తక్కువ మనిషి. ఆ తక్కువ మాటల్లోనే ఒకటి ఎప్పుడూ ఆ మొక్క మీద పడేది.

"మీవాళ్ళు పూలు అక్కడే ఉంచుకుని ఆకులు మనకి పంపారమ్మాయ్," అనేవాడు.

మొదట్లో కోడలు కూడా నవ్వేది. తర్వాత్తర్వాత పెదవులతోనే నవ్వేది. ఈ ఏడు గులాబీలు చూడ్డానికి వీధిలో ఆడవాళ్ళు వచ్చినప్పుడు, అడగకపోయినా కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

"అది వియ్యాలవారి కానుక. నీళ్ళు తాగడానికి మాత్రం అన్నిటికంటే ముందుంటుంది."

వచ్చినవాళ్ళు పగలబడి నవ్వారు. కోడలు చేతిలో చెంబు అక్కడే పెట్టి లోపలికి పోయింది.

"నోట్లో కూడా కత్తెరేనా నీకు?" అంది పెద్దాయన భార్య.

ఆయన పట్టించుకోలేదు. చిన్నప్పటి నుంచీ తలలు దిద్దిన చెయ్యి. పెరిగినదాన్ని పెరిగినట్టు వదిలేస్తే ఆయనకి నిద్రపట్టదు. చలికాలం పోతుండగా సెలూన్‌కి సెలవు చూసుకుని తోటలో ప్రతి మొక్కకీ క్షవరం చేసేవాడు. గులాబీలకి అది కలిసొచ్చింది. కత్తిరించిన కొద్దీ పూసేవి. దాంతో ఆయనకి ధైర్యం వచ్చింది. కిటికీ కింద మొక్క ఆ రోజుల్లో ఆకు రాలి వట్టి పుల్లలుగా నిలబడేది. ఆయన కంటికి దువ్వెన ఎరగని తలలా కనిపించేది. దువ్వెన అడ్డం పెట్టినట్టు అరచెయ్యి అడ్డం పెట్టి, కొసలన్నీ ఒక మట్టానికి తెచ్చేవాడు. కోడలు ఆ వేళకి బట్టల మిల్లులో పనిలో ఉండేది. సాయంత్రం వచ్చి చూసి, తోట శుభ్రంగా ఉంది మామయ్యా అనేది. పుట్టింట్లో మొక్కల పనంతా వాళ్ళమ్మదే గనక ఆమెకేమీ తేడా తెలిసేది కాదు.

ఆ వసంతంలోనే ఒకనాడు పెద్దాయన మంచం పట్టిన పాత ఖాతాదారుకి గడ్డం గీయడానికి వాళ్ళింటికి పోయాడు. సబ్బు పూసి, కత్తి తీసి, వెలుతురు కోసం కిటికీ తలుపు తోశాడు. తోసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కిటికీ నిండా నీలం. అదే ఆకు, అదే మొక్క. గుత్తుల బరువుకి కొమ్మలు నేలకి వంగిపోయి ఉన్నాయి.

"దీనికేం వేస్తారమ్మా?" అని అడిగాడు ఆ ఇంటావిణ్ణి.

"ఏమీ వెయ్యం బాబూ. దాని జోలికే పోం. నిరుటి కొమ్మ కొసన మొగ్గ దాచుకుంటుంది అది. చలికాలంలో చూస్తే ఎండుపుల్లే. కొస తీశామా, ఆ ఏటికి ఇక ఆకులే."

పెద్దాయన కత్తి పట్టుకుని ఆ కొమ్మల కొసలే చూస్తున్నాడు.

"ఏమోయ్, నన్ను సగం గడ్డంతోనే సాగనంపుతావా?" అన్నాడు మంచం మీది మనిషి.

"మా వీధిలో ఎవరో కత్తిరించారట లెండి," అన్నాడు పెద్దాయన. ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తనే అన్నాడు.

"ఆ మహానుభావుణ్ణి చేతులు కట్టుకుని కూర్చోమని చెప్పు," అని నవ్విందావిడ.

ఇంటికి పోగానే చెప్పేద్దామనుకున్నాడు. దారి పొడుగునా మాటలు కూడగట్టుకున్నాడు. గేటు తీసేసరికి కోడలు ఆ మొక్క ముందు గొంతుక్కూర్చుని, కూరలు కడిగిన నీళ్ళు మొదట్లో పోస్తోంది. ఆకులు తిరగేసి పురుగేమైనా ఉందా అని వెతుకుతోంది. ఆ వంగిన వీపు చూసేసరికి ఆయన కూడగట్టుకున్నదంతా చెదిరిపోయింది.

"ఆకలేస్తోందమ్మాయ్," అన్నాడు.

మర్నాడు అన్నాల దగ్గర కోడలే మాట ఎత్తింది.

"ఈ పొద్దునే అమ్మకి కబురు పెట్టాను అత్తయ్యా. వచ్చి ఆ మొక్క తీసుకుపోతుంది. వచ్చేపోయేవాళ్ళ ముందు రోజూ మాట పడ్డం ఎందుకు?"

"ఉంటే ఉండనీవే. అన్నం పెట్టమని అడుగుతోందా?" అంది అత్త. మొగుడి వైపు తిరిగి, "నువ్వైనా చెప్పవేం? నోరు అవసరమైనప్పుడే మూతపడుతుంది నీకు," అంది.

అప్పుడు చెప్పాల్సింది. పెద్దాయన కంచంలో వేళ్ళు ఆడించి, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ముఖాలు చూడకుండా ఉండాలని సెలూన్ తాళం తీసి, దుమ్ము లేని అద్దాలు తుడుస్తూ కూర్చున్నాడు. అద్దంలోనూ తన ముఖమే ఎదురైంది.

సెలవు రోజున వియ్యపురాలు ఎండలో రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో గోనెపట్టా, చిన్న పార. నీళ్ళైనా తాగకుండా మెట్ల కింద నిలబడి, ముందు ఆయనకే చెప్పింది.

"ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. మంచి కొమ్మే చూసి ఇచ్చాననుకున్నాను. నా చెయ్యే మంచిది కానట్టుంది."

ఆవిడ తన కంటే చిన్నది. తప్పు ఆవిడది కాదు. అయినా తలొంచుకుని నిలబడింది. పెద్దాయనకి తల కొట్టేసినట్టయింది. ఏదో అనబోయి దగ్గాడు.

వియ్యపురాలు మొక్క దగ్గర కూర్చుని రెండు చేతులతో ఆకులు విడదీసింది. లోపల కొమ్మల కొసలు కనిపించాయి. అన్నీ ఒకే ఎత్తున, గీత గీసినట్టు తెగి ఉన్నాయి. ఆవిడ వేలు ఒక కొస మీద ఆగింది. తర్వాత ఇంకో కొస మీదికి పోయింది. ఆవిడ మెల్లగా ఆకుల్ని మళ్ళీ కలిపేసింది.

"ఏంటమ్మా?" అంది కూతురు.

"ఏం లేదే. ఈ నేల పడలేదు దీనికి."

అని పార అందుకుంది. పెద్దాయన వైపు చూడనైనా చూడలేదు. చూడకపోవడమే ఆయనకి తగిలింది. ఆవిడ ఎవరి పరువు కోసం అబద్ధం ఆడిందో ఆయనకి తెలుసు. ఇప్పుడు ఊరుకుంటే ఇక ఎవరికీ తెలియదు. మొక్క పోతుంది, మాటా పోతుంది. పార మట్టిలో ఒకసారి దిగింది. రెండోసారి దిగింది. ఒక వేరు పుటుక్కున తెగింది.

"ఆగు చెల్లెమ్మా," అన్నాడు. "నేల మంచిదే. కత్తెర నాది."

పార మట్టిలోనే ఆగింది. ఆయనే మళ్ళీ అన్నాడు.

"ఏటా చలికాలంలో నేనే కొసలు తీశాను. మొగ్గ అక్కడుంటుందని తెలియక తీశాను."

"తెలియక చేసినదానికి ఏముంది అన్నయ్యగారూ," అంది వియ్యపురాలు.

కోడలు మాత్రం ఆయన్నే చూస్తోంది. "ఎప్పుడు తెలిసింది మామయ్యా?" అంది నెమ్మదిగా.

"మొన్న. గడ్డం గీయడానికి పోయినచోట."

"అంటే నేను అమ్మకి కబురు పెట్టకముందే."

ఆయన తల ఊపాడు. కోడలు చెంపలు ఎర్రబడ్డాయి. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

"పోనీండి. ప్రాణం ఉందిగా దీనికి. పైయేడు పూస్తుంది," అంది వియ్యపురాలు.

ఆ ఓదార్పు ఆయనకి తిట్టు కంటే గట్టిగా తగిలింది. పార పక్కకి పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, తవ్విన మట్టిని చేతులతోనే గుంటలోకి తోశాడు. తెగిన వేరు పైకి కనబడకుండా మట్టి కప్పి, అరచేత్తో అదిమాడు.

కోడలు నిండు బకెట్టుతో బయటికి వచ్చింది. ఆయన అందుకోవడానికి చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"కాస్త పక్కకి జరగండి మామయ్యా," అంది.

ఆయన జరిగాడు. ఆమె వంగి నీళ్ళు పోసింది.